ఇసాయ్ గీసిన వల

బడి నుంచి వచ్చీ రాగానే ఇసాయ్ సంచీ గుమ్మంలో పడేసింది. పెరట్లో చేతులు కడుక్కుని, గౌనుకి తుడుచుకుంటూ వచ్చి ఎత్తుపీట ఎక్కింది.

"ఇవాళ ఎక్కడిదాకా, లోలా?"

ఆ వీధిలో అమ్మమ్మ వయసు ఆడవాళ్ళందరూ పిల్లలకి లోలాలే, పెద్దవాళ్ళకి ఆలింగ్‌లే. ఇసాయ్ రోజూ వచ్చేది పక్కింటి లుమింగ్ దగ్గరికి. లుమింగ్‌కి పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఆ సరస్సు ఒడ్డు ఊళ్ళో నలభై ఏళ్ళుగా బొమ్మలు వేసుకుంటూ బతుకుతోంది. జాలర్లు, బాతులు మేపేవాళ్ళు, గుర్రపుడెక్క మధ్య చిక్కుకున్న పడవలు, అన్నిటికంటే ఎక్కువగా వలలు. లుమింగ్ వల వేసిందంటే కన్ను కన్నూ లెక్కపెట్టుకోవచ్చని మనీలాలో కూడా చెప్పుకుంటారు.

"ఈ మడత దగ్గర్నించి పడవ అంచుదాకా వెయ్యి," అంది లుమింగ్, ఎడమచేతి వేలితో కాన్వాసు మీద చూపిస్తూ. "ఇక్కడ కళ్ళు చిన్నవి. నీళ్ళలోకి దిగేకొద్దీ పెద్దవి. నీళ్ళు లాగుతాయి కదా."

"తెలుసులే. నిన్ననే చెప్పారు."

జాలరి భుజాలూ, వంగిన నడుమూ, వెనకాల కొండా లుమింగ్ వేసినవే. వెడల్పు కుంచె పనికి ఆమె చెయ్యి ఇంకా ఒప్పుకుంటోంది. వల పై అంచు తాడు కూడా పట్టుబట్టి తనే గీసింది. ఆ ఒక్క తాడుకి ఓ పూట పట్టింది. కుడి మణికట్టుని ఎడమచేత్తో అదిమి పట్టుకుని, వెదురుకర్ర మీద ఆనించి గీసినా, తాడు గాలికి కొట్టుకుంటున్నట్టే వచ్చింది.

పాలడబ్బా మూతలో తెల్లరంగు వేసి, చుక్కచుక్కగా నీళ్ళు కలిపి ఇచ్చింది. కుడి చెయ్యి ఏప్రన్ జేబులో ఉంది. లోపల కప్పపిల్లని దాచుకున్నట్టు ఆ జేబుగుడ్డ కదులుతూనే ఉంది.

ఇసాయ్ సన్నకుంచె ముంచి, మూత అంచుకి రెండుసార్లు ఒత్తి, ఎక్కువ రంగు తీసేసి, తాడు దగ్గర మొదటి గీత మొదలుపెట్టింది. గీత వణుకుతూ దిగింది, దాని పక్కన ఇంకోటి. ఏడేళ్ళ పిల్ల చెయ్యి, ఆ మాత్రం వణకదా అనుకుంది లుమింగ్. మొదటి బొమ్మప్పుడు కూడా అలాగే అనుకుంది. ఎనిమిది నెలల్లో ఇద్దరూ కలిసి ఆరు బొమ్మలు పూర్తిచేశారు. ఆరింటి మీదా కింద మూలలో ఒకే పేరుంది. మనీలా నుంచి వచ్చే బొమ్మల వ్యాపారి ఆంటన్ వాటిని చూసి మురిసిపోయాడు. ఆమెని గౌరవంగా మాస్త్రా అని పిలుస్తాడు. "మాస్త్రా, ఇన్నాళ్ళూ మీ వలలు వలల్లా ఉండేవి. ఇప్పుడు వాటిలో నీళ్ళు కదులుతున్నాయి," అన్నాడు. ఆ మాటే చిన్న పుస్తకంలో అచ్చు వేయించాడు కూడా. వచ్చే నెల మనీలాలో ప్రదర్శన. ఆమె బొమ్మ వేస్తుండగా వీడియో తీయించడానికి ఈ శనివారం కెమెరా అమ్మాయిని వెంటబెట్టుకుని వస్తున్నాడు.

"లోలా, శనివారం నేను రావాలా?"

"వద్దు. ఆ రోజు ఇంట్లోనే ఉండు."

"సరే," అంది ఇసాయ్. ఎందుకని అడగలేదు. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని ఇంకో గీత గీసింది.

అప్పుడే వీధి తలుపు తోసుకుని మీలా వచ్చింది. ఇసాయ్ తల్లి. మార్కెట్లో టిలాపియా చేపలు అమ్ముతుంది. రబ్బరు బూట్లు కూడా విప్పలేదు. చేతిలో కూతురి రాతపుస్తకం ఉంది.

"నువ్వు బయటికెళ్ళి ఆడుకో," అంది కూతురితో.

"రంగు ఎండిపోతుంది అమ్మా."

"వెళ్ళమన్నానా!"

ఇసాయ్ కుంచె నీళ్ళలో పెట్టి, లుమింగ్ వంక ఒకసారి చూసి వెళ్ళింది. మీలా పుస్తకం బల్లమీద పరిచింది. పేజీ నిండా అక్షరాలు అదురుతున్నాయి. వాటి మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రపెన్సిలు కొట్టివేత. కింద టీచరు రాత: కావాలనే చేస్తోంది. తల్లి వచ్చి కలవాలి.

"పది రోజుల్నించీ ఇదే వరస ఆలింగ్ లుమింగ్! క్లాసులో గోడవైపు తిప్పి నిలబెడుతున్నారట. పిల్లలందరూ ముసలమ్మా, ముసలమ్మా అని ఏడిపిస్తున్నారట. ఇది నాకు ఒక్క ముక్క చెప్పలేదు. పక్కింటి పిల్ల చెబితే తెలిసింది."

లుమింగ్ పుస్తకం వెనక్కి తిప్పింది. పదిరోజుల కిందటి పేజీలో అక్షరాలు గుండ్రంగా, నిటారుగా ఉన్నాయి.

"అల్లరికి చేస్తోందేమో," అంది.

"అల్లరి అయితే బాగుండును. మా మావగారికి ఇలాగే మొదలైంది. ముందు రాత, తరవాత చెంచా, ఆఖరికి చొక్కా బొత్తాం కూడా నేనే పెట్టేదాన్ని. అది రక్తంలో వస్తుందంటారు కదా?" మీలా మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఆరోగ్యకేంద్రంలో నర్సుకి చూపించాను. సోమవారం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంది. ఏడేళ్ళ పిల్లకి వస్తుందా ఆ రోగం? మీరు చదువుకున్నవారు, చెప్పండి."

లుమింగ్ కుడి చెయ్యి జేబులో పిడికిలి బిగించుకుంది. తనకి ఎనిమిది నెలల కిందట మొదలైందనీ, మనీలాలో ఒక డాక్టరు ఆ రోగం పేరు కాగితం మీద రాసిచ్చాడనీ, ఆ కాగితం రంగుల పెట్టె అడుగున ఉందనీ ఇప్పుడే చెప్పెయ్యొచ్చు. చెబితే ఈమెకి కొంచెమైనా దారి దొరుకుతుందేమో.

"చిన్నపిల్లలకి రాదనుకుంటా," అంది. "కంగారుపడకు."

మీలా ముక్కు తుడుచుకుని పుస్తకం తీసుకుంది. వెళ్తూ వెళ్తూ బొమ్మకేసి చూసి, "మీ దగ్గరికొస్తే కాస్త కుదురుగా కూర్చుంటుంది. అదొక్కటే ధైర్యం," అంది.

*

మర్నాడు గురువారం. బడి వదిలాక ఇసాయ్ మామూలుగానే వచ్చింది. లుమింగ్ కుంచెలు తియ్యలేదు. పళ్ళెంలో అన్నం, రెండు వేపుడు చేపలు పెట్టి ముందుంచింది. చిన్న చేపలు, నిండా ముళ్ళు.

"ముందు తిను."

తను పక్కన కూర్చుని ఆ వేళ్ళనే చూసింది. ఇసాయ్ చేపని మధ్యకి చీల్చి, వెన్నుముల్లుని తోకదాకా ఒక్క లాగుడులో తీసింది. తరవాత వెంట్రుకల్లాంటి చిన్న ముళ్ళని ఒక్కొక్కటే గిల్లి పళ్ళెం అంచున వరసగా పెట్టింది. వేళ్ళు తొణకలేదు.

"నాకూ తీసి పెట్టవే," అంది లుమింగ్.

"మీకా? మీ చేప నేనే తీస్తాగా ఎప్పుడూ," అని పిల్ల నవ్వి, రెండో చేప కూడా శుభ్రం చేసింది.

తిన్నాక పీట ఎక్కింది. కుంచె ముంచింది, మూత అంచుకి ఒత్తింది. కుంచె కాన్వాసుకి తాకబోయే ముందు ఆగి, తల కొద్దిగా తిప్పి, లుమింగ్ ఏప్రన్ జేబుకేసి చూసింది. పాట అందుకునేవాళ్ళు తాళం కోసం చూసినట్టు చూసింది. జేబు కదులుతోంది. రెండు మూడు ఊపులు చూసుకుని, అదే ఊపులో చెయ్యి ఆడిస్తూ గీత దించింది.

లుమింగ్ పీట దగ్గరికి జరిగింది.

"ఆగు."

ఇసాయ్ కుంచె వెనక్కి తీసింది. "వంకర పోయిందా?"

"నువ్వు కావాలని వణికిస్తున్నావా?"

పిల్ల, తప్పు ఒప్పుకోవాలో వద్దో తేల్చుకుంటున్నట్టు కుంచె కొసని చూస్తూ కూర్చుంది.

"నేనేం అననులే. చెప్పు."

"తాడు మీరు గీస్తారు కదా. అది వణుకుతుంది. కింద నేను సాఫీగా గీస్తే ఇది లోలా చెయ్యి, ఇది ఇంకోళ్ళ చెయ్యి అని తెలిసిపోతుంది. మీరు ఎవరికీ చెప్పొద్దన్నారు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ. ముందు కష్టంగా ఉండేది. ఇప్పుడు వచ్చేసింది." మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

ఆరు బొమ్మలు గోడకి ఆనించి ఉన్నాయి. లుమింగ్ వాటివైపు చూడలేకపోయింది.

"మరి బడిలో ఎందుకే? అక్కడ ఎవరు చూస్తారు?"

"సర్ ఆంటన్ చూశాడుగా!" అంది ఇసాయ్, ఇంత తెలీదా అన్నట్టు. "ఆ రోజు నా పుస్తకం బల్లమీద ఉంటే తీసి, ఈ రాత ఎవరిది, గీతలు ఎంత నిటారుగా ఉన్నాయో అన్నాడు. మీరు లాగేసుకుని మూసేశారు. మీకు భయం వేసింది. నేను చూశాను. అందుకే పుస్తకంలో కూడా మార్చేశాను."

పదిరోజుల కిందటి మాట. పుస్తకం లాక్కున్న సంగతి లుమింగ్‌కి గుర్తే లేదు. పిల్ల చూస్తోందన్న ఆలోచనే రాలేదు అప్పుడు.

"టీచరు గోడవైపు నిలబెడితే ఏడ్చావా?"

"ఒకరోజు," అంది ఇసాయ్. తరవాత గొంతు తగ్గించి, "లోలా, ఒక్కోసారి ఆపుదామన్నా ఆగట్లేదు. మొన్న నిజంగానే బాగా రాద్దామనుకున్నాను. అయినా అలాగే వచ్చింది. మీది కూడా ఇలాగే మొదలైందా?" అని అడిగింది.

లుమింగ్ ఆమె చేతిలోంచి కుంచె తీసుకుని నీళ్ళలో వేసింది. "ఇవాళ్టికి చాలు. ఇంటికెళ్ళు తల్లీ. రేపు మీ టీచరుతో నేను మాట్లాడతాను."

*

శుక్రవారం పొద్దున లుమింగ్ మంచి గౌను వేసుకుని, జుట్టు ముడి పెట్టుకుని బడికి వెళ్ళింది. దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకుంది. నాలుగు వాక్యాలు, అంతే.

రెండో తరగతి టీచరు మిస్ కబ్రెరాకి ముప్ఫై ఏళ్ళుంటాయి. నలభైమంది పిల్లలతో గొంతు బొంగురుపోయి ఉంది. లుమింగ్‌ని చూడగానే బల్ల వెనకనించి లేచి గబగబా వచ్చింది. పెద్దవాళ్ళకి చేసే మర్యాదగా, చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోబోయింది. లుమింగ్ ఎడమ చెయ్యి ఇచ్చింది. టీచరు ఒక్క క్షణం తడబడి, ఎడమ చేతినే నుదుటికి తాకించుకుంది.

"మాస్త్రా, మీరు మా క్లాసుకి రావడమా! పిల్లలూ, లేవండి. ఈమె ఎవరో తెలుసా? మన ఊరి పేరు మనీలాదాకా తీసుకెళ్ళింది ఈమే."

నలభైమంది లేచి రాగం తీస్తూ నమస్కారం చెప్పారు. మూడో వరస గోడపక్కన ఇసాయ్ లేచి, తనకి ఈమె తెలియనే తెలియనట్టు ముఖం పెట్టి నిలబడింది. అలా ఉండమని ఎవరూ చెప్పలేదు.

వరండాలోకి నడిచాక లుమింగ్ గొంతు సవరించుకుంది. "దలిసాయ్ మగ్సీనో, అదే మా ఇసాయ్ గురించి..."

"తెలుసండీ, మీ పక్కింటి పిల్ల కదా. ఏం చెప్పమంటారు? తెలివైనదే. కానీ మొండి. కావాలని చేస్తున్నావా అంటే మొహమాటం లేకుండా అవునంటుంది. ఎందుకూ అంటే నోరు విప్పదు. బెంచీ మీద కూడా నిలబెట్టాను. ఇలాంటివి మొదట్లో తుంచకపోతే మిగతా వాళ్ళూ మొదలుపెడతారు." టీచరు ఊపిరి తీసుకుంది. "మీరైనా చెప్పండి. మీలాంటివారు చెబితే వింటుంది. మీ గీతలు చూపించండి. నిలకడంటే ఏమిటో నేర్చుకుంటుంది."

ఆ నాలుగు వాక్యాలూ గొంతులోనే ఉన్నాయి. ఊళ్ళో ఒక్కరికి తెలిస్తే చాలు, సాయంత్రానికి మార్కెట్లో, ఆదివారం చర్చిలో, సోమవారానికి మనీలాలో.

"చెప్తాను," అంది లుమింగ్. "మంచి పిల్లే. నేను చూసుకుంటాను."

గేటు దాటుతూ వెనక్కి తిరిగి చూసింది. కిటికీలోంచి ఇసాయ్ కనిపించింది. తల వంచి రాసుకుంటోంది. టీచరు లోపలికి వెళ్ళి ఆమె పక్కన ఆగి, పుస్తకంలోకి చూసి, గోడవైపు వేలు చూపించింది. పిల్ల లేచి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడింది. అలవాటైన పనిలా ఉంది.

లుమింగ్ గేటు పట్టుకుని కొంతసేపు అక్కడే ఉండిపోయింది. తరవాత ఇంటికి వచ్చేసింది.

*

శనివారం పదిగంటలకి ఆంటన్ కారు వీధిలో ఆగింది. నున్నగా దువ్విన నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కేకుడబ్బా. వెంట వచ్చిన కెమెరా అమ్మాయి గది అంతా చూసి, కిటికీ పరదా జరిపి, మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టింది.

"ఎక్కువసేపు పట్టదు మాస్త్రా," అన్నాడు ఆంటన్. "మీరు మామూలుగా పని చేసుకుంటూ ఉండండి. మాకు వల మీద చెయ్యి కదలడం కావాలి. ఒక్క నిమిషం చాలు."

ముందురోజు సాయంత్రం వరకూ లుమింగ్ సాకు సిద్ధం చేసుకునే ఉంది. మణికట్టు బెణికిందని కట్టు కట్టుకుందామని గుడ్డ కూడా చింపి పెట్టుకుంది. ఆ గుడ్డ బల్లమీదే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. సన్నకుంచె తీసి రంగులో ముంచింది. వెదురుకర్ర తీసుకోలేదు. ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచేతిని ఒంటరిగా కాన్వాసు దగ్గరికి తీసుకెళ్ళింది.

కుంచె కాన్వాసుకి తగిలి ఎగిరింది, మళ్ళీ తగిలింది. జాలరి మోచేతి మీద తెల్లగా ఒక మరక పడింది, దాని మీద ఇంకో మరక. రంగుచుక్క చీలిపోయి ఆమె గౌను మీద పడింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వాళ్ళిద్దరికీ సరిగ్గా కనబడేదాకా ఉంచింది.

కెమెరా అమ్మాయి స్టాండు వెనకనించి తల పైకెత్తింది. ఏం చెయ్యాలో తోచక ఆంటన్ వైపు చూసింది.

"అది ఆపమ్మా," అన్నాడతను మెల్లగా. "మాస్త్రా, ఎప్పట్నించి ఇది?"

"ఎనిమిది నెలలు."

"మరి ఈ వలలు?"

"పక్కింటి పిల్ల. ఇసాయ్. ఆ రోజు నువ్వు రాత బాగుందన్నావే, ఆ పుస్తకం దానిదే. దాని చెయ్యి నిలకడగా ఉంటుంది. నా తాడుతో కలవాలని వణికించి గీసింది. నీళ్ళు కదులుతున్నాయని నువ్వు రాసింది దాన్ని చూసే."

ఆంటన్ కుర్చీలో కూర్చున్నాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. బొమ్మల్ని ఒకదాని తరవాత ఒకటి చూశాడు. కోప్పడతాడనుకుంది లుమింగ్. అతని ముఖంలో మెల్లగా వెలుగు రావడం చూసి ఆమెకి భయం వేసింది.

"ఇది ఇంకా మంచిది కదా మాస్త్రా! ఇద్దరూ ఒకే బొమ్మ మీద. మీ వణికే చెయ్యీ, పక్కన చిన్న చెయ్యీ. జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఎక్కడుంటుంది ఆ పిల్ల? పిలిపించండి, ఇప్పుడే తీద్దాం. మొదట మీరు, తరవాత తను మీలాగే వణికిస్తూ..."

"వద్దు."

"ఎందుకు?"

"దాని చెయ్యి ఇప్పుడు ఆపుదామన్నా ఆగట్లేదు ఆంటన్. బడిలో గోడకి నిలబెడుతున్నారు. నీ కెమెరా ముందు ఇంకోసారి వణికించమని దాన్ని అడగలేను."

కెమెరా అమ్మాయి స్టాండు కాళ్ళు మడవడం మొదలుపెట్టింది. ఎవరూ మడవమనలేదు.

"మరి ఏం చేద్దామంటారు?"

"ఆరు బొమ్మల మీదా రెండు పేర్లు ఉంటాయి. అందులో రెండు అమ్మావు. కొన్నవాళ్ళకి నిజం చెప్పు, వద్దంటే వాళ్ళ డబ్బు వెనక్కి ఇచ్చెయ్యి. ఫోటోలు వద్దు, కథలు వద్దు. పేర్లు చాలు."

ఆంటన్ చాలాసేపు మాట్లాడాడు. కొన్నవాళ్ళ ముందు తన పరువు గురించీ, అచ్చయిన పుస్తకాల గురించీ. మధ్యలో ఒకసారి గొంతు లేచింది. మళ్ళీ తనే తగ్గించుకుని, ఇరవై ఏళ్ళ పరిచయం గురించి మాట్లాడాడు. అన్నిటికీ లుమింగ్ "అవును, నిజమే" అంటూనే ఉంది. కానీ మాట మార్చుకోలేదు. చివరికి లేచాడు.

"ప్రదర్శన ప్రస్తుతానికి ఆపుదాం. తరవాత చూద్దాం," అన్నాడు. కేకుడబ్బా బల్లమీదే వదిలి కారెక్కాడు. ఆ "చూద్దాం" అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు.

ఆమె ఆ డబ్బా తీసుకోలేదు. తలుపు దగ్గరకి వేసి నేరుగా మార్కెట్‌కి నడిచింది. మధ్యాహ్నం కావొస్తోంది, చేపల వరస పలచబడింది. మీలా చెక్కబల్ల మీద టిలాపియా పొలుసు గీకుతోంది. లుమింగ్ ఎదురుగా నిలబడి కుడిచేతిని బల్లమీద చేపల పక్కన పెట్టింది. చెయ్యి తడిచెక్క మీద టకటకలాడింది. మీలా కత్తి ఆగింది.

లుమింగ్ అంతా చెప్పింది. ఎక్కడా తనని తప్పించుకోలేదు. శుక్రవారం బడికి వెళ్ళి కూడా నోరు విప్పకుండా వచ్చిన సంగతి కూడా.

మీలా మొదట ఊపిరి పీల్చుకుంది. "అంటే రోగం కాదా? నిజంగా రోగం కాదా?" అని రెండుసార్లు అడిగి, బల్లమీద చేతులాన్చి తల వంచుకుంది. తల ఎత్తేసరికి ముఖం మారిపోయింది.

"గురువారమే తెలుసు మీకు. నేను బుధవారం మీ ఇంటికొచ్చి ఏడ్చాను. గురువారం మీకు తెలిసింది. ఇవాళ శనివారం!"

"అవును."

"రెండు రోజుల్నించీ అన్నం ముద్ద దిగట్లేదు నాకు. నిద్రపోతున్న పిల్ల చెయ్యి పట్టుకుని చూస్తూ కూర్చుంటున్నాను, వణుకుతోందా లేదా అని. మా ఆయన పని మానుకుని సోమవారం ఆసుపత్రికి రావడానికి ఒప్పుకున్నాడు. మీరు ఇంట్లో కూర్చుని రంగులు కలుపుకుంటున్నారా?"

పక్క బల్లల వాళ్ళు అటు తిరిగారు. లుమింగ్ తల దించుకుంది.

"నా కూతురు ఇక మీ ఇంటికి రాదు," అంది మీలా.

"పంపకు. ఒక్కటే అడుగుతాను. సోమవారం ఆసుపత్రికి ముందు బడికి రా. టీచరుకి, పిల్లలకి నేనే చెప్పాలి. నువ్వుంటే మళ్ళీ పారిపోను."

మీలా కత్తి తీసుకుని మళ్ళీ పొలుసు గీకడం మొదలుపెట్టింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

*

సోమవారం బడి గేటు దగ్గర మీలా రబ్బరు బూట్లతోనే నిలబడి ఉంది. లుమింగ్‌ని పలకరించలేదు. వెనకాలే నడిచింది.

మిస్ కబ్రెరా మళ్ళీ చెయ్యి అందుకోబోయింది. లుమింగ్ ఈసారి కుడి చెయ్యి ఇచ్చింది. టీచరు దాన్ని నుదుటికి ఆనించుకుని అలాగే ఉండిపోయింది. ఆ వణుకు ఆమె నుదుటికి తగులుతూనే ఉంది.

"మీ బోర్డు మీద ఒక్క మాట రాయొచ్చా?"

టీచరు పక్కకి జరిగింది. లుమింగ్ సుద్దముక్క తీసుకుని తన పేరు రాసింది. సుద్ద బోర్డు మీద టకటకా కొట్టుకుని మధ్యలో విరిగింది. మిగిలిన ముక్కతో పూర్తిచేసింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "ముసలమ్మ రాత!" అన్నాడొకడు. తరగతంతా నవ్వింది. ఇసాయ్ ఒక్కతే నవ్వలేదు. బెంచీ అంచు పట్టుకుని, వద్దన్నట్టు లుమింగ్ వంక చూస్తోంది.

"నిజమే, ముసలమ్మ రాతే," అంది లుమింగ్. "నాది. ఇసాయ్‌ది కాదు. ఇన్నాళ్ళూ మీరు నవ్వింది నన్ను చూసి. నా చెయ్యి పాడైంది. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని నేను అబద్ధం ఆడాను. అది బయటపడకుండా ఇసాయ్ తన రాత పాడుచేసుకుంది. గోడకి నిలబెట్టాల్సింది నన్ను."

ఇప్పుడెవరూ నవ్వలేదు. కొందరికి అర్థమై, కొందరు టీచరు ముఖం చూసి. మిస్ కబ్రెరా ఎర్రపెన్సిలు వేళ్ళ మధ్య తిప్పుతోంది.

"శుక్రవారం నాకెందుకు చెప్పలేదు మాస్త్రా?"

"ధైర్యం చాలలేదమ్మా."

టీచరు మూడో వరస దగ్గరికి వెళ్ళి ఇసాయ్ ముందు వంగింది. "నువ్వైనా చెప్పొచ్చుగా? కావాలని చేస్తున్నావా అని ఎన్నిసార్లు అడిగాను?"

"అవునని చెప్పాను కదా మిస్," అంది ఇసాయ్. "కావాలనే."

తలుపు దగ్గర మీలా చప్పుడు లేకుండా భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. టీచరు పెన్సిలు జేబులో పెట్టుకుంది. "నిన్ను నిలబెట్టడం నాది తప్పు," అంది, తరగతంతా వినేట్టు. "రా. బోర్డు మీద నీ పేరు రాస్తావా? ఇష్టమైతేనే."

ఇసాయ్ లేచి వచ్చింది. సుద్దముక్క తీసుకుని, లుమింగ్ పేరు కింద మొదటి అక్షరం పెట్టింది. అది వణికింది. ఆమె అరచేత్తో దాన్ని చెరిపి మళ్ళీ రాసింది. మళ్ళీ వణికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లోలా, రావట్లేదు."

"తొందరేం లేదు," అంది లుమింగ్. "నావైపు చూడకు. చేపముల్లు తీసేటప్పుడు ఎవరివైపు చూస్తావు?"

"చేపవైపే."

"అంతే మరి."

ఇసాయ్ బోర్డుకి దగ్గరగా జరిగింది. ముక్కు తగిలేంత దగ్గరగా. మొదటి అక్షరం అలాగే ఉంచేసి, రెండోది రాసింది. అది కొంచెం నయం. మూడోది ఒరిగింది. మిగిలిన అక్షరాలు కొన్ని నిటారుగా, కొన్ని అదురుతూ వచ్చాయి. పేరు మొత్తం రాసి వెనక్కి జరిగి చూసుకుంది. బాగా రాలేదని ఆమెకే తెలుసు.

"రేపు ఇంకా బాగా వస్తుంది," అని తనే టీచరుకి చెప్పి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

వరండా మెట్లు దిగుతుండగా మీలా మొదటిసారి నోరు విప్పింది.

"ఆసుపత్రికి దాన్ని తీసుకెళ్ళను. మీరు పదండి. మా ఆయన ఎలాగూ పని మానేశాడు, తోడు వస్తాడు."

"నాకు వైద్యం జరుగుతూనే ఉంది మీలా."

"ఎక్కడ? కాగితం పెట్టె అడుగున పెట్టుకుంటే జరుగుతుందా?" నాలుగడుగులు నడిచాక మళ్ళీ అంది. "అది రాత్రంతా ఒకటే ప్రశ్న. జాలరి మోచెయ్యి మీద పడిన మరక ఎవరు సరిచేస్తారని. ఎవరూ చెప్పకుండా ఎలా తెలిసిందే అని అడిగితే, శనివారం కిటికీలోంచి చూసిందట."

లుమింగ్ ఆగిపోయింది. మీలా ఆగలేదు.

"మీ ఇంటికి పంపనన్నాను, పంపను. ఆ బొమ్మ మా ఇంటికి పట్టుకురండి. నా కళ్ళ ముందు వెయ్యండి ఇద్దరూ. వణికిస్తే చెయ్యి మీద కొడతాను, దాన్ని కాదు, మిమ్మల్ని."

"మీ ఇంట్లో అంత పెద్ద కాన్వాసు నిలబెట్టడానికి చోటేదీ?"

"నేలమీద పడెయ్యండి. అది బోర్లా పడుకుని గీస్తుంది," అంది మీలా, ఆసుపత్రి వైపు వెళ్ళే జీప్నీ బండి కోసం చెయ్యి ఊపుతూ.